దారం కట్టిన పెన్ను

మా బ్యాంకులో స్పెసిమెన్ సిగ్నేచర్ కార్డు అరచేతికన్నా కాస్త పెద్దదిగా ఉండేది. ఖాతా తెరిచే రోజు మనిషిని మేనేజరు గదిలో కూర్చోబెట్టి, ఇంకు పెన్ను చేతికిచ్చి, తొందరేం లేదండీ అంటూ సంతకాలు పెట్టించుకునేవాళ్లం. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ మనిషి విత్‌డ్రాయల్ ఫారాల మీద పెట్టే సంతకాలన్నీ కౌంటరు దగ్గర నిలబడి, ఒక చేత్తో సంచీ పట్టుకుని, దారంతో కట్టేసిన బాల్‌పెన్నుతో పెట్టినవే. దారం పొట్టిది కాబట్టి సంతకం తోక కుడివైపు పూర్తిగా సాగేది కాదు. కార్డు మీదిదీ, ఫారం మీదిదీ పక్కపక్కన పెట్టి, రెండూ ఒక చేతివేనా అని తేల్చడం మా పని.

నేను చేరింది తెనాలి దగ్గర ఒక బ్రాంచిలో, డెబ్బయ్యో దశకం చివర్లో. అక్కడి అకౌంటెంటుగారు చెక్కును తలకిందులుగా తిప్పి చూసేవారు. నేరుగా పట్టుకుంటే పేరు చదివేస్తాం గానీ గీతను చూడం అనేవారు. "అబ్బాయ్, అక్షరం ఎవడైనా దించుతాడు. చేతి పరుగు చూడు. ఎక్కడ ఆగింది, ఎక్కడ వణికింది, అది చూడు." ఇంకు పెన్ను సంతకంలో ఆ పరుగు కంటికి ఆనేది. వేగంగా పోయినచోట గీత పలచబడేది, ఆగినచోట ఇంకు ముద్దకట్టేది. బాల్‌పెన్ను వచ్చి ఆ ఆనవాళ్లలో చాలావాటిని మింగేసింది. సంతకం తేడాగా ఉందని మెమో రాసి మేం వెనక్కి పంపిన చెక్కుల్లో ఎక్కువ వాటికి కారణం దొంగచెయ్యి కాదు. కలం మారడమో, బల్ల ఎత్తు మారడమో అయివుంటుంది. ఇప్పటికీ నా నమ్మకం అదే.

అలాగని మెతకగా ఉంటే కుదరదు. 1987లో సుప్రీంకోర్టు ఒక కేసు తేల్చింది. ఒక కంపెనీలో చెక్కుబుక్కు తన చేతిలో ఉండే అకౌంటెంటు, మేనేజింగ్ డైరెక్టరు సంతకాన్ని ఫోర్జరీ చేసి చెక్కు వెంట చెక్కు రాసి, మూడు లక్షల ఇరవై ఆరు వేల పైచిలుకు లాగేశాడు. పాస్‌బుక్కు చూసుకోకపోవడం ఖాతాదారు తప్పేనని, ఖాతా ఉన్న కెనరా బ్యాంకు వాదించింది. ఫోర్జరీ సంతకమున్న చెక్కు అసలు ఖాతాదారు ఆజ్ఞే కాదు, ఆ సొమ్ము బ్యాంకే కట్టుకోవాలని కోర్టు చెప్పింది. ఆ కబురు తెలిశాక మా సీట్లలో భూతద్దాలు సొరుగుల్లోంచి బల్ల మీదికి వచ్చాయి.

కొత్తగా చేరినవాళ్లు ఒకందుకు పొరబడేవారు. కార్డు మీదిదీ చెక్కు మీదిదీ అచ్చుగుద్దినట్టు ఉంటే సంతోషించేవారు. నిజానికి అనుమానించాల్సింది అప్పుడే. ఈ మాట కోర్టులో లెక్కకట్టి చూపినది అమెరికాలో, 1868లో ముగిసిన హౌలాండ్ వీలునామా కేసులో. సిల్వియా ఆన్ హౌలాండ్ అనే సంపన్నురాలి ఆస్తి మొత్తం తనదేనంటూ తోబుట్టువు కూతురు హెట్టీ రాబిన్సన్ ఒక కాగితం చూపింది. దాని మీది సంతకం, వీలునామా మీది సంతకంతో గీతకు గీత సరిపోయింది. హార్వర్డ్ గణితాచార్యుడు బెంజమిన్ పియర్స్, తన కొడుకు చార్లెస్ చేత సిల్వియా పెట్టిన 42 సంతకాలను జతలు జతలుగా, అంటే 861 జతలు, ఒకదాని మీద ఒకటి పెట్టించి పోల్పించాడు. ఒక్కో సంతకంలో కిందికి లాగిన గీతలు 30. సగటున అయిదింట ఒకటే కలిసింది. అలాంటి చెయ్యి ముప్పయ్యికి ముప్పయ్యీ కలిసేలా రెండుసార్లు రాయడం జరిగే పని కాదని ఆయన సాక్ష్యం. తీర్పు మాత్రం వేరే చట్టపు కారణం మీద వచ్చింది.

ఇదంతా రాసేసిన గీత సంగతి. రాస్తున్న చేతిని పట్టే పరికరాలు తర్వాత వచ్చాయి. టెలిఫోను పేటెంటులో బెల్ చేతిలో ఓడిన ఇలిషా గ్రే, 1888లో టెలాటోగ్రాఫ్‌కు పేటెంటు తీసుకున్నాడు. ఇక్కడ కలం కదిలితే ఆ కదలిక విద్యుత్తుగా మారి తీగ వెంట పోయి, అక్కడ ఇంకో కలాన్ని కదిలించేది. అది సంతకం పంపడానికే, పరీక్షించడానికి కాదు. పరీక్ష దాకా వచ్చింది ఐబీఎం పరిశోధకులు హెర్బ్‌స్ట్, లియూ. 1977లో వాళ్లు అచ్చువేసిన వ్యాసంలో కలానికి త్వరణాన్ని కొలిచే పరికరాలు అమర్చి, అక్షరం ఎలా ఉందో వదిలేసి, చెయ్యి ఎక్కడ ఊపందుకుంది, ఎక్కడ తగ్గింది అన్నదే పోల్చారు. మా అకౌంటెంటుగారు ఆ వ్యాసం చూసివుండరు గానీ చూస్తే తల ఊపేవారు.

తర్వాత ఎలక్ట్రానిక్ పలకలు వచ్చాయి. జపాను కంపెనీ వాకామ్ పలక మీద కలం ఎక్కడుందో సెకనుకు వందసార్లు నమోదవుతుంది, ఎంత నొక్కారో కూడా. 2004లో ఇలాంటి పలక మీది సంతకాలను పరీక్షించడంలో అంతర్జాతీయ పోటీ జరిగింది. ఫోర్జరీ చేసేవాళ్లకు అసలు సంతకం ఏ వరసలో రాశారో కంప్యూటరు మీద మళ్లీ మళ్లీ చూసి సాధన చేసే వీలిచ్చారు. తమాషా ఏమిటంటే, సంతకాలు ఇచ్చినవాళ్లు తమ అసలు సంతకం బయటపడకుండా కొత్తది కల్పించుకుని, అలవాటు చేసుకుని ఇచ్చారు. గెలిచిన టర్కీ బృందం పొరపాటు రేటు నూటికి మూడు లోపే. బ్యాంకువాణ్ని కాబట్టి అడుగుతాను: రేపు అదే మనిషి వేరే పలక మీద రాస్తే?

ఆ ప్రశ్న యూరప్‌లో బయోసెక్యూర్ అనే పరీక్షలో నేరుగా వేశారు. ఒకే మనుషుల చేత బల్ల మీది పలక మీదా, చేతిలో పట్టుకునే చిన్న కంప్యూటరు మీదా సంతకాలు పెట్టించారు. రెండోది నిలబడి, ఒక చేత్తో పరికరం పట్టుకుని. అంటే మా కౌంటరు, మా సంచీ, మా దారం! నేర్చుకుని చేసిన ఫోర్జరీలను అక్కడ పట్టుకోవడం కష్టమైంది. 2017లో మాడ్రిడ్ పరిశోధకులు ఈ-బయోసైన్ అనే సంతకాల సేకరణతో ఇంకా లోతుకు వెళ్లారు. మూడు వాకామ్ పరికరాలు, రెండు శామ్‌సంగ్ పరికరాలు, 65 మంది. శామ్‌సంగ్ వాటి మీద కలంతోనూ, వేలితోనూ రాయించారు. వేలితో రాస్తే ఎంత నొక్కారో అందదు, గీతకూ గీతకూ మధ్య గాలిలో చెయ్యి ఎటు తిరిగిందో అందదు. కొందరు వేలితో రాసేటప్పుడు తమ సంతకాన్నే కుదించుకుంటారు. కలంతో ఇచ్చిన నమూనాను వేలి సంతకంతో పోల్చితే ఫలితం ఇంకా దిగజారింది. కొరియరు కుర్రాడి ఫోను మీద నేను వేలితో గీకేదాన్ని చూసి ఏ అకౌంటెంటూ అర్ధరూపాయి కూడా ఇవ్వడు.

మన దగ్గర దారి వేరేగా సాగింది. చెక్కు కాగితం బదులు దాని బొమ్మను పంపే పద్ధతి 2008లో ఢిల్లీలో మొదలై 2011లో చెన్నైకి, 2013లో ముంబయికి చేరింది. చెక్కు ముందువైపు బూడిదరంగు బొమ్మ అంగుళానికి 100 చుక్కలు. పాత కార్డులనూ స్కాన్ చేసి కంప్యూటరులో పెట్టారు. ఇప్పుడు ఆఫీసరు ఎదుట ఉన్నవి రెండు బొమ్మలు. కాగితాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టి నొక్కుడు చూడడం, వేలితో తడిమి చూడడం పోయాయి. పరుగును పట్టే పలకలు ప్రపంచంలో ఉండగానే, మనం ఉన్న కాస్త పరుగునూ పోగొట్టుకున్నామన్నది నా ఫిర్యాదు. 2021 జనవరి 1 నుంచి యాభై వేలు, ఆ పైబడిన చెక్కులకు పాజిటివ్ పే వచ్చింది. తేదీ, ఎవరి పేరిట, ఎంత అన్నది ఖాతాదారే ముందుగా బ్యాంకుకు చెబుతాడు. ఆ వివరాల్లో సంతకం లేదు. చెక్కు మీద మాత్రం ఇంకా పెట్టాలి, తెర మీద ఎవరో ఒకరు దాన్ని చూసి పాస్ చెయ్యాలి.