ఇరవై సెంట్లా, ఇరవై గుంటలా?

మాది హోసూరు పక్క పల్లె. మా అత్తని ఇచ్చింది ఆనేకల్లు తట్టు. రెండిండ్లలోనూ తెలుగే. మా నాయన పోయే ముందు, "బాయికాడి చేన్లో అక్కకి ఇరవై ఇయ్యండి" అన్నాడు. ఇరవై ఏమో చెప్పలేదు. మాకు ఇరవై సెంట్లు. అత్తకి ఇరవై గుంటలు, అంటే అరెకరం. తేడా ముప్పై సెంట్లు. రెండేండ్లు మా ఇండ్ల మధ్య మాటల్లేవు.

ఈ తేడా సర్వే ఆఫీసులు పెట్టింది. 1799లో టిప్పు పడిపోయినాక హోసూరు కంపెనీకి, ఆనేకల్లు మైసూరు రాజుకి పోయినాయి. మద్రాసు ప్రభుత్వం 1858లో రెవెన్యూ సర్వే మొదలుపెట్టింది. వాళ్ల గొలుసు 66 అడుగులు, దానికి 100 లింకులు. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు, నూరు సెంట్లు ఎకరం. మైసూరులో 1863లో బొంబాయి పద్ధతిన సర్వే మొదలైంది. అక్కడి గొలుసు 33 అడుగులే. ఆ పొడవు, ఆ వెడల్పు ఉండే తునక ఒక గుంట, నలభై గుంటలు ఎకరం. గుంటకి రెండున్నర సెంట్లు. ఎకరం మాత్రం ఇద్దరికీ ఒకటే, అదొక్కటి నయం! తెలంగాణలో గుంటలు, ఆంధ్రలో సెంట్లు అనేది కూడా ఇట్లాంటి పాత సరిహద్దు గుర్తే.

గొలుసు లాగినోళ్లు పోయినారు, రాళ్లు కొన్ని గెనిమల్లో కూరుకుపోయినాయి, మాటలు మాత్రం మన నోట్లో నిలిచిపోయినాయి. సెంటు ఇంగ్లీషు మాటని మా ఊర్లో ఎవరికీ తోచదు. గుంట అంటే మాకు నీళ్లు నిలిచే పల్లం. అత్త "ఇరవై గుంటలు" అన్నప్పుడు మా పిల్లోళ్లు నవ్వినారు కూడా. ఆయమ్మకి అది శానా నొప్పి చేసింది.

ఆఖరికి మా అవ్వని అడిగితిమి. అవ్వకి సెంటూ తెలీదు, గుంటా తెలీదు. తన కాలంలో చేన్ని విత్తనంతో చెప్పేవాళ్లంట, ఇన్ని మానికల చేను, ఇన్ని తూముల చేను అని. కట్టె పట్టుకోని వచ్చి, "బాయి కాడినించి ఆ చింతమాను దాకా. మీ నాయన చిన్నప్పటినించీ దాన్ని అక్క తునకనే అంటాండె" అనింది.

కొలిపిస్తే ముప్పైఎనిమిది సెంట్లు తేలింది. తమిళంలో రాసిన పత్రంలో అదే పెట్టించినాం. అత్తని అడగండి, పదహైదు గుంటల పైచిల్లర అంటాది.