ఏలూరు వకీలు, మద్రాసు ప్రధాని

1919 జూలై 17. లండన్‌లో డాక్టర్ టి.ఎం. నాయర్ కన్నుమూశారు. జస్టిస్ పార్టీకి పెద్ద గొంతు ఆయనే. బ్రాహ్మణేతరులకు మద్రాసు శాసనసభలో ప్రత్యేక స్థానాలు కావాలని పార్లమెంటు సంఘం ముందు వాదించడానికి సముద్రాలు దాటి వచ్చి, నోరు విప్పకముందే పోయారు. ఆ వాదన భుజానికెత్తుకున్నవారిలో కూర్మా వెంకటరెడ్డి నాయుడు ఒకరు. రాజమండ్రిలో పుట్టి, ఏలూరులో ప్లీడరీ చేసిన మనిషి. నల్లజర్ల మెట్ట నుంచీ కొల్లేటి లంకల నుంచీ దావా కాగితాలు చంకన పెట్టుకుని రైతులొచ్చే ఊరి వకీలు, సామ్రాజ్యం నడిబొడ్డున తన జనం వ్యాజ్యం నడిపాడు. మరుసటి ఏడు 28 స్థానాలు దక్కాయి. 1920 డిసెంబరులో ఆయనా మంత్రి అయ్యారు.

నన్ను ఎక్కువగా కదిలించేది మాత్రం దక్షిణాఫ్రికా ఘట్టం. 1929లో భారత ప్రభుత్వ ఏజెంటుగా అక్కడికి వెళ్లారు. 1860 నుంచి మద్రాసు ఓడల్లో వెళ్లి నాటాల్ చెరకు తోటల్లో నడుం విరుచుకున్న కూలీల్లో మన తెలుగువాళ్లెందరో. ట్రాన్స్‌వాల్‌లో భారతీయులు ఎక్కడ బతకాలో, ఎక్కడ కొట్టు పెట్టుకోవాలో తెల్లవాళ్లే గీత గీసే బిల్లు 1930లో వచ్చింది. ఏజెంటుకు ఏ అధికారమూ లేదు. నచ్చజెప్పాలి, అర్జీ పెట్టాలి, మళ్లీ నచ్చజెప్పాలి. మూడేళ్లూ ఆ పనే చేశారు. 1932లో చట్టం రానే వచ్చింది. ఓడిపోయే కేసని తెలిసీ చివరిదాకా నిలబడ్డ ప్లీడరును చిన్నచూపు చూడలేం.

1936లో కొన్ని నెలలు మద్రాసుకు తాత్కాలిక గవర్నరు. ఆ వెంటనే వచ్చింది అసలు పరీక్ష. 1937 ఎన్నికల్లో 215 స్థానాలకు 159 కాంగ్రెస్‌వే. బొబ్బిలిలో జస్టిస్ పార్టీ నాయకుడైన రాజావారినే వి.వి. గిరి ఓడించారు. గవర్నరు తన ప్రత్యేకాధికారాలు వాడనని మాటిస్తే తప్ప గద్దె ఎక్కేది లేదంది కాంగ్రెస్. మంత్రివర్గం ఏర్పరచమని గవర్నరు శ్రీనివాస శాస్త్రిని పిలిస్తే ఆయన కాదన్నారు. వెంకటరెడ్డి నాయుడు సరేనన్నారు. ఏప్రిల్ 1న మద్రాసు ప్రధానమంత్రి (నేటి ముఖ్యమంత్రి పదవికి అప్పటి పేరు). కాంగ్రెస్ చివరికి ఒప్పుకోవడంతో జూలై 14న రాజాజీకి పగ్గాలు అప్పగింత. జనం ఓడించిన పక్షం తరఫున ఆ కుర్చీలో కూర్చోవడం తప్పేనని నా అభిప్రాయం. ఆ మూడున్నర నెలల కోసం ముప్పయ్యేళ్ల పనిని మరిచిపోవడం అంతకంటే పెద్ద తప్పు.

1942లో ఆయన పోయారు. నల్లజర్ల నుంచి కైకలూరు దాకా ఏ ఇంటి అటక మీదైనా ఆయన సంతకమున్న వకాల్తానో ఉత్తరమో ఉంటే చెదలకు వదిలెయ్యకండి. దగ్గర్లోని గ్రంథాలయానికి ఇవ్వండి.