ధాత కరువు: ఒక పౌను గింజలు

ఈ శతవార్షికోత్సవ సంచికకు చరిత్ర విషయమై ఒక వ్యాసము వ్రాయుమని సంపాదకవర్గమువారు కోరినప్పుడు, సంఘస్థాపకులలో ఒకరి జీవితమును వ్రాయుదమని మొదట తలంచితిమి. కాని కొంతకాలము క్రిందట మా యౌవనుల కూటములో ఒక విద్యార్థి వేసిన ప్రశ్న మమ్ములను విడిచిపెట్టలేదు. "అయ్యగారూ, కాలేజీలో నన్ను గంజికోసం మతంలో కలిసినవాళ్ల మునిమనవడివి అంటున్నారు. అది నిజమేనా?" అని అతడు అడిగెను. 1878లో గుండ్లకమ్మ యొడ్డున ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతిని మేము ఎన్నో ప్రసంగములలో ఉత్సాహముతో చెప్పియున్నాము. వారు అంతకుముందు రెండేండ్లు ఏమి తిని బ్రదికిరో మాత్రము ఎన్నడును చెప్పలేదు. ఆనాడు ఆ పిల్లవానికి సరియైన జవాబు ఇయ్యలేకపోతిమి. ఈ వ్యాసము ఆలస్యముగా ఇచ్చుచున్న జవాబు.

మన పెద్దలు కరువులను సంవత్సరముల పేర్లతో గుర్తుంచుకొనిరి. 1832-33లో గుంటూరు సీమను పాడుచేసినది నందన కరువు. 1876లో ధాత నామ సంవత్సరమున మొదలై, మరుసటి ఈశ్వర సంవత్సరములోను సాగి, 1878 వరకు మనుష్యులను మ్రింగినది ధాత కరువు. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలును, మైసూరు రాజ్యమును, బొంబాయి రాజధానిలోని దక్కను జిల్లాలును దాని నోట పడెను. బ్రిటిషు పాలిత ప్రాంతములలోనే 50 లక్షలకు మించిన ప్రాణములు పోయినవని తరువాత ప్రభుత్వమువారి కమిషను లెక్క కట్టెను. 1871 జనాభా లెక్కలను 1881 లెక్కలతో పోల్చి చూచినయెడల కర్నూలు జిల్లాలో సుమారు నాలుగవ వంతు జనము కనబడరు. చనిపోయినవారును వలసపోయినవారును అందులో కలిసియున్నారు. మనము ఊరు ఊరునా నాలుగిండ్లకు ఒక ఇల్లు ఖాళీగా ఊహించుకొనవలెను.

వాన తప్పినది మనకొక్కరికే కాదు. అదేకాలమున ఉత్తర చైనాలో 1876 మొదలు 1879 వరకు కరువు పడి 90 లక్షలకు తక్కువకాకుండ చనిపోయిరి. అక్కడ తిమోతి రిచర్డు అను వేల్సు దేశపు బాప్తిస్టు మిషనెరీ షాన్‌డుంగ్, షాన్సీ ప్రాంతములలో ఊరూర తిరిగి సహాయము పంచెను. బ్రెజిలు ఈశాన్య భాగమున 1877లో మొదలైన అనావృష్టిని ఆ దేశస్థులు నేటికిని మహా అనావృష్టి అనియే పిలుతురు. పసిఫిక్ మహాసముద్రపు నీరు వేడెక్కి, లోకమంతట గాలులు, వానలు తారుమారు అగుటను ఇప్పుడు ఎల్ నినో అనుచున్నారు. 1877-78లో వచ్చినది మిక్కిలి బలమైన ఎల్ నినో. భారత వాతావరణ శాఖ 1875లోనే పుట్టినను ఈ సంబంధము అప్పటికి ఎవరికిని తెలియదు. ఆ శాఖకు 1904లో అధిపతియైన సర్ గిల్బర్టు వాకరు రుతుపవనముల రాకను ముందుగా కనిపెట్టుటకు దేశదేశముల లెక్కలు పోల్చుచు దీని జాడ పట్టుకొనెను.

వాన తప్పుట మనుష్యుని చేతిలో లేదు. అయితే వాన తప్పినంత మాత్రమున మనుష్యుడు చావడు. ఐగుప్తులో ఏడేండ్లు కరువు పట్టినను యోసేపు కొట్లలో ధాన్యముండెను గదా. ధాత కరువు దినములలోను మద్రాసు సముద్రతీరమున ఓడలనుండి దించిన ధాన్యపు బస్తాలు గుట్టలుగా పడియుండెను. ధర చూచి వర్తకులు కదలించిరి. 1877లో మన దేశమునుండి ఇంగ్లండుకు 3 లక్షల టన్నులకు పైగా గోధుమలు ఎగుమతి అయ్యెను. ఆ గోధుమలు బళ్లారిలో పండినవి కావు, నిజమే. దేశములో తిండియుండియు అది ఆకలిగొన్నవానియొద్దకు చేరలేదని చెప్పుటకే దీనిని ఎత్తితిమి.

ముందు చచ్చినవారెవరు? భూమి లేనివారు. మాదిగవాడు కపిలబానలు, చెప్పులు, మోకులు చేసియిచ్చి, కోతకాలమున రైతు కళ్లములో గింజలు కొలిపించుకొనెడివాడు. బావి ఎండిన తరువాత కపిలబాన ఎవరికి కావలెను? కోత లేనప్పుడు కళ్లమెక్కడ? పశువులు చచ్చుచున్న మొదటి నెలలలో తోలు దొరికెను గాని, కొనువాడు లేకపోయెను. ముతకబట్ట నేయు మాలవానికి అదే గతి. రైతు తన గాదె అడుగుకు వచ్చినప్పుడు వీరి పాలు మొదట ఆగిపోయెను.

1877 జనవరి 1వ తేదీన వైస్రాయి లార్డ్ లిట్టన్ ఢిల్లీలో గొప్ప దర్బారు జరిపి విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటించెను. ఆయన కవియని పేరు పడినవాడు. ధరలలో ప్రభుత్వము చేయి పెట్టరాదు, వ్యాపారమే ధాన్యమును తెచ్చునన్నది ఆయన సిద్ధాంతము. ఆ నెలలోనే సర్ రిచర్డ్ టెంపుల్‌ను కరువు ప్రతినిధిగా మద్రాసుకు పంపెను.

టెంపుల్ కథ మనము కొంచెము ఆగి చూడదగినది. మూడేండ్ల ముందు, 1873-74లో, బీహారులో కరువు వచ్చినప్పుడు బర్మానుండి సుమారు నాలుగున్నర లక్షల టన్నుల బియ్యము తెప్పించి పంచినవాడు ఇతడే. ఆ కరువులో చనిపోయినవారు బహు కొద్దిమంది. ఇందుకు ఇతనికి బహుమానము రావలసినది. దుబారా చేసెనని ఇంగ్లండులోను ఇక్కడను నిందలు వచ్చెను. ఆ నింద తుడిచివేసికొనవలెనన్న పట్టుదలతో అతడు మద్రాసు వచ్చెనని చరిత్రకారులు చెప్పుదురు. రాగానే పనిలో చేరిన మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, దానికితోడు ఒక అణా చాలునని నిర్ణయించెను. పౌను అనగా మన లెక్కలో 450 గ్రాములు. ఆడవారికి, పిల్లలకు అంతకు తక్కువ. మద్రాసు ప్రభుత్వము అంతకుముందు ఇచ్చుచున్న కూలికంటె ఇది తక్కువ. సొంత ఊరికి దగ్గరగా పని ఇచ్చిన సోమరులు చేరుదురని, దూరపు శిబిరములకు నడిచి రమ్మనిరి. ఎండలో రోజంతయు గునపము వేయువానికి ఆ గింజలు చాలునా అని లెక్కవేయుటకు వైద్యశాస్త్రము అక్కరలేదు. మా సంఘములోని కూలిపని చేయు సహోదరినెవరినైనను అడిగిన చాలును.

అయినను వైద్యుడొకడు లెక్క వేసెను. మద్రాసు రాజధాని ఆరోగ్యశాఖ కమిషనరు డాక్టరు కార్నిష్, కష్టపడు మనుష్యునికి పౌనున్నర ధాన్యముతోపాటు పప్పు వంటిదియు ఉండవలెనని వాదించి, టెంపుల్ కూలిని బాహాటముగా ఖండించెను. వాదన ఫలముగా 1877 మార్చిలో మద్రాసు ప్రభుత్వము కూలిని పౌనుంబావు ధాన్యమునకును కొద్దిపాటి పప్పునకును పెంచెను. అడిగినది పూర్తిగా దొరకలేదు. బొంబాయి రాజధానిలోనైతే కరువుపనివారే తట్టలు దించి, ఆ కూలికి పనిచేయమని శిబిరములు విడిచిపోయిరి. పూనా సార్వజనిక సభవారు, ముఖ్యముగా గణేశ వాసుదేవ జోషి, వారి పక్షమున ప్రభుత్వమునకు అర్జీలు వ్రాసిరి. గాంధీగారి సత్యాగ్రహములకు ఎన్నో ఏండ్ల ముందే, ఎముకలగూడులైన పేదలు చేసిన ఈ సమ్మె మన పాఠ్యపుస్తకములలో ఎందుకు లేదో మాకు తెలియదు.

1877 ఆగస్టులో లండన్ మేయరు ఆధ్వర్యమున చందాలు మొదలై లక్షలాది పౌనులు వచ్చెను. పంపకపు సంఘమునకు కార్యదర్శిగా పనిచేసిన మద్రాసు పత్రికా సంపాదకుడు విలియం డిగ్బీ, 1878లో రెండు సంపుటములుగా ఈ కరువు చరిత్ర ప్రకటించెను. మేము వేదాంత కళాశాలలో చదువుకొను దినములలో ఈ కరువును గూర్చి ఒక్క పాఠమైనను వినలేదు. జర్మనీ దేశపు సంఘ సంస్కరణమును తేదీలతోసహా ఒప్పజెప్పగలవారము. మన తాతల తాతలు చచ్చిన సంవత్సరము మాత్రము తెలియక బయటికి వచ్చితిమి.

ఇక ఒంగోలు సంగతి. అప్పటికి అది నెల్లూరు జిల్లాలోనిది. జాన్ క్లౌ దొర అమెరికన్ బాప్తిస్టు మిషనెరీ. మాది వేరొక సంఘశాఖయైనను ఆయన పేరు తెలుగు క్రైస్తవులందరిది. 1866లో ఆయన ఒంగోలు చేరిన ఏటనే తోలు వర్తకము చేయు యర్రగుంట్ల పేరయ్య, భార్య నాగమ్మ బాప్తిస్మము పొంది, తమ మాదిగ బంధువులలో సువార్త చెప్పుచు తిరిగిరి. కనుక కరువుకు పదేండ్ల ముందే అక్కడ సంఘమున్నది. ఆ నింద వేయువారు ఈ తేదీని చూడరు.

కరువు వచ్చినప్పుడు మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు తూర్పుతీరపు కాలువ పనిని కరువుపనిగా సాగించెను. ఆయన పేరనే అది బకింగ్‌హాం కాలువ అయ్యెను. పెదగంజాము నుండి దక్షిణముగా మద్రాసు దాటిపోవు ఆ కాలువ పొడవు 400 కిలోమీటర్లకు పైనే. క్లౌ దొర పూర్వము అమెరికాలో భూముల సర్వే పనిచేసినవాడగుటచే, మూడున్నర మైళ్ల త్రవ్వకమును కంట్రాక్టుగా తీసికొనెను. ఇతర కరువుపనులలో మేస్త్రీలు పేదలను బాధించుచుండగా, ఆయన తన ఉపదేశకులనే మేస్త్రీలుగా పెట్టెను. త్రవ్విన గుంత కొలిచి కూలి ఇచ్చిరి. జబ్బుపడినవారి దగ్గర కూర్చుండిరి. వేలమంది ఆ గట్టున తాటాకు గుడిసెలలో ఉండి పని చేసిరి. మధ్యాహ్నము పని ఆపి నీడన చేరినప్పుడు ఉపదేశకులు వారి మధ్యనే కూర్చుండి మాటలాడిరి. ఊరి బావిని ముట్టనియ్యని లోకములో, చదువుకొన్నవాడు తనతో కలిసి కూర్చుండుట వారికి ఎట్లుండెనో ఊహించుకొనవచ్చును.

అనేకులు బాప్తిస్మము అడిగిరి. క్లౌ దొర ఇయ్యలేదు. సహాయము పంచుచున్నంతకాలము ఒక్కరికిని ఇయ్యనని నిశ్చయించుకొని, 1877 మార్చి మొదలు సుమారు పదునైదు నెలలు ఆపివేసెను. గంజి ఆశతో వచ్చువారు ఉందురని ఆయనకు తెలియును. 1878 జూన్‌లో, ఇక డబ్బు లేదు, సహాయము ముగిసినది, ఇండ్లకు పొండని చెప్పించిన తరువాత, ఒంగోలునకు ఉత్తరమున గుండ్లకమ్మ యొడ్డునున్న వెల్లంపల్లి వద్ద జనము కూడిరి. జూలై 3వ తేదీన అభిషేకము పొందిన ఆరుగురు దేశీయ బోధకులు, ఇద్దరి తరువాత ఇద్దరు వంతులుగా నీటిలో నిలిచి, 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. క్లౌ దొర ఆ దినమున ఒక్కరికైనను ఇయ్యలేదు. ఇచ్చిన చేతులు తెలుగువారివి. ఆ ఏడు ముగియులోగా ఆ సంఖ్య 9,000 దాటెను.

కాబట్టి ఆ విద్యార్థికి మేమిచ్చు జవాబు ఇది. గంజికోసమే అయినచో గంజి ఉన్నప్పుడు చేరి, అది ఆగినప్పుడు వెళ్లిపోయెడివారు. ఇక్కడ జరిగినది దానికి మారు. అయితే కరువుకును దీనికిని సంబంధము లేదని మేము చెప్పము. అట్లు చెప్పుట అబద్ధము. కాలువగట్టున ఎవరు తమను మనుష్యులుగా లెక్కించిరో వారు కన్నులార చూచిరి, చూచినదానిని బట్టి నిర్ణయించుకొనిరి. ఆకలిగొన్నవానికి ఆలోచన ఉండదని తలంచువారే దీనిని నిందగా వాడుకొందురు. ఇంకొక మాటయు దాచరాదు. క్లౌ దొర ఎంత న్యాయముగా కొలిచినను, ఆ కాలువ ప్రభుత్వపు కరువుపనియే. ఆయన గట్టున లోపము తగ్గెను గాని, పౌను గింజల విధానము ఇతర గట్టులన్నిటను అట్లే సాగెను. దానిని ఎదిరించి వ్రాసినది ఒక వైద్యుడు, పూనాలోని కొందరు వకీళ్లు. ఆయన రెండవ భార్య ఎమ్మా, సాంఘిక సువార్త బోధకుడు వాల్టర్ రౌషెన్‌బుష్‌కు స్వయాన సోదరి. 1910లో ఆయన మరణించిన తరువాత 1914లో ఆయన ఆత్మకథను ఆమె వెలువరించినది. అందులో కాలువ కథ చదివినప్పుడు ఆ యింటి గాలి కొంత తగులును.

కరువు తరువాత సర్ రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతను కమిషను కూర్చుండి 1880లో నివేదిక ఇచ్చెను. దానినిబట్టి 1883లో కరువు నిబంధనావళి పుట్టెను: ఏ గుర్తులు కనబడినప్పుడు కరువు ప్రకటించవలెనో, ఏ పని, ఎంత కూలి, ఎవరికి ఉచితముగా అన్నమో అందులో వ్రాసిరి. 1943లో బెంగాలులో సుమారు 30 లక్షలమంది చనిపోయినప్పుడు ఆ పుస్తకము ప్రభుత్వ కార్యాలయములలో ఉండనేయుండెను. కరువు అని ప్రకటించిన యెడల ఆ నిబంధనలన్నియు పాటింపవలసి వచ్చును గనుక, ప్రకటించలేదు.

బకింగ్‌హాం కాలువ నేడు అనేక చోట్ల పూడి తుంగ మొలిచియున్నది. ఒకప్పుడు దానిపై బియ్యము, ఉప్పు, కట్టెలు పడవలలో మద్రాసు చేరెడివి.

మన డయోసీసులో 1876-79 నాటి బాప్తిస్మపు, సమాధుల రిజిస్టర్లు గల పాస్టరేట్లు ఇంకను కొన్ని ఉండవచ్చును. చెదలు తినకమునుపే వాటిని నకలు వ్రాయించి, లేదా ఫోటోలు తీయించి, మాకు చూపగోరుచున్నాము. వయస్సు గడిలోను, వృత్తి గడిలోను వ్రాసినది విడువకుండ వ్రాయించవలెను. ఆ రెండు గడులలోనే ఎక్కువ చరిత్ర యున్నది.