మేడారం: జాతర వెనుక దాగిన ఊరు

మేడారం (తాడ్వాయి): రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళ నాలుగు రోజులు మహానగరాన్ని తలపించే మేడారం, మిగిలిన కాలమంతా అడవి నడుమ ఒదిగిన చిన్న కోయ పల్లె. జాతర పేరు వినని వారు అరుదు. ఆ నాలుగు రోజుల కోసం ఇళ్లను, పొలాలను అప్పగించే ఊరి సంగతి తెలిసినవారు మాత్రం తక్కువే.

ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉన్న ఈ గ్రామం 2016లో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో, 2019లో ములుగు జిల్లాలో చేరింది. కరువుకాలంలో కప్పం కట్టలేని కోయ దొరలపైకి కాకతీయ ప్రతాపరుద్రుని సేన దండెత్తిందని, ఆ పోరులో సమ్మక్క తనయుడు జంపన్న సంపెంగవాగులో ప్రాణాలు విడిచాడని ఇక్కడి ఐతిహ్యం. ఆనాటి నుంచే అది జంపన్నవాగుగా మారిందంటారు.

యాత్రికులు గద్దెలనే గుడిగా భావిస్తారు. నిజానికి సమ్మక్క గుడి ఊరిలోనే, కోయల ఇళ్ల మధ్య ఉంది. సారలమ్మ గుడి పక్కనున్న కన్నెపల్లిలో ఉంది. జాతరకు రెండు వారాల ముందు బుధవారం గుడిమెలిగె పండుగ జరుగుతుంది. పూర్వం పూరిగుడిసెగా ఉన్న గుడికి అడవి నుంచి తెచ్చిన కొత్త గడ్డి కప్పేవారు. పక్కా గుడి వచ్చాక కూడా ఆ తంతును ఆనవాయితీగా నిలుపుకొన్నారు. మరుసటి బుధవారం మండమెలిగె. గుడిని శుద్ధి చేసి, ముగ్గులు వేసి, ఊరి పొలిమేరల్లో దిష్టి తోరణాలు కడతారు. ఊరివారి దృష్టిలో జాతర మొదలయ్యేది అప్పుడే. పూజారులు కోయలే. ఇక్కడ విగ్రహం లేదు. కుంకుమ భరిణె, వెదురు కర్రలే దేవతా రూపాలు.

ఏజెన్సీ గ్రామం కావడంతో 1970 నాటి ఒకటి బై డెబ్బై చట్టం ప్రకారం గిరిజనేతరులు ఇక్కడ భూమి కొనరాదు. ఇంత పేరుగాంచిన క్షేత్రం చుట్టూ నేల ఇంకా పెద్దభాగం పొలాలుగా మిగలడానికి ఆ చట్టమే ముఖ్య కారణమని చెప్పాలి.

ఊరికి వాగే ఆధారం, వాగే భయం. జాతర స్నానాలకు లక్నవరం చెరువు నీటిని వాగులోకి వదులుతారు. అదే వాగు 2023 జూలైలో పొంగి మేడారాన్ని ముంచెత్తింది. గోవిందరాజు కొలువైన కొండాయిలో ప్రాణనష్టం జరిగింది. 2024 ఆగస్టు 31న వీచిన పెనుగాలులకు మేడారం, తాడ్వాయి అడవిలో వేలాది చెట్లు నేలకూలాయి. అదే ఏడాది డిసెంబరు 4న 5.3 తీవ్రతతో భూమి కంపించింది. ఆనాడు గద్దెల వద్ద ఇనుప కంచె ఊగిన దృశ్యాన్ని రాష్ట్రమంతా చూసింది.

గద్దెల ప్రాంగణాన్ని రాతి కట్టడాలతో విస్తరించే పనులు 2025లో మొదలయ్యాయి. యాత్రికులకు అది ఊరటే. రైతుల గోడు వేరు. జాతర ఏట గద్దెల చుట్టూ, ఊరట్టం, రెడ్డిగూడెం, నార్లాపూర్ వైపు పొలాలు విడిదులుగా, వాహనాల నిలుపుదల స్థలాలుగా మారతాయి. అక్కడ యాసంగి వరి వేయడం కుదరదు. దీనికి పరిహారం ఇవ్వాలని రైతులు కోరుతున్నారు. జాతర తర్వాతి బుధవారం తిరుగువారం పండుగతో పూజలు ముగుస్తాయి. అప్పటికి యాసంగి అదను దాటిపోతుంది. మడుల్లో మిగిలిన సీసాపెంకులు, ప్లాస్టిక్ సంచులు ఏరుకొని వానాకాలం కోసం ఎదురుచూడాల్సిందే.