ఊళ్లో లేని దొరకు ఎంత పన్ను? (మట్టి లెక్కలు – 9)



హాజరు పట్టీ తెరిచినప్పుడల్లా ఒక మాట నన్ను కుదుపుతుంది. గైర్హాజరు. 75 శాతం హాజరు లేకపోతే మన పిల్లల స్కాలర్‌షిప్ ఆగుతుంది. నాట్లప్పుడు అమ్మకు తోడుగా కూలికి పోయిన అమ్మాయి కూడా ఆ పట్టీలో గైర్హాజరే. ఎందుకు రాలేదని పట్టీ అడగదు.

ఇదే మాటను భూమి పక్కన పెట్టి చూడండి. మా చిన్నాయన కౌలు చేసే మూడెకరాల పట్టాదారు పదిహేనేళ్లుగా అమెరికాలో ఉంటాడు. కౌలు డబ్బు ఫోన్ నొక్కితే పోతుంది. ఆ మడిలో ఏ మూల నీరు నిలుస్తుందో చిన్నాయనకు తెలుసు, పట్టాదారుకు తెలియదు. 2018లో తెలంగాణలో రైతుబంధు వచ్చినప్పుడు ఎకరానికి పంటకు 4 వేల రూపాయలు పట్టా ఎవరి పేరున ఉందో వాళ్లకే అన్నారు. దున్నేది ఎవరని అడగలేదు. కౌలుదారుకు పైసా లేదు. మన పిల్లలు రాకపోతే కోత, భూమి మీదికి ఆసామి రాకపోతే కానుక.

పోయిన భాగం చదివిన ఒక విద్యార్థి నన్ను అడిగాడు: "సార్, బయటి దేశాల్లో ఉండేటోళ్ల ఆస్తి మీద ఎక్కువ పన్నేస్తే భూమి మనకొస్తదా?" మంచి ప్రశ్న. ఒక్క మాటలో జవాబు చెప్పొచ్చు గానీ, ఈ పనిని నిజంగా చేసి చూసిన దేశం ఒకటుంది. దాని కథ తెలుసుకుంటే జవాబు మీకే దొరుకుతుంది.

ముందు, చేయలేకపోయిన దేశం. ఐర్లాండ్, 1773. అప్పటికి ఐర్లాండ్ భూముల్లో చాలా భాగం 17వ శతాబ్దపు యుద్ధాల్లో స్థానిక కేథలిక్కుల నుంచి గుంజుకున్నవే. కొత్త యజమానుల్లో పెద్ద పెద్ద ప్రభువులు ఇంగ్లండ్‌లోనే ఉండేవాళ్లు. పంట ఇక్కడ, ఖర్చు లండన్‌లో. ఖజానా ఖాళీ అయిన ఐర్లాండ్ ప్రభుత్వం ఒక ప్రతిపాదన తెచ్చింది: ఏడాదిలో ఆరు నెలలైనా ఐర్లాండ్‌లో ఉండని భూస్వామి తన శిస్తు ఆదాయంలో పౌండుకు రెండు షిల్లింగులు, అంటే పదో వంతు, పన్ను కట్టాలి.

లండన్‌లో కలకలం లేచింది. డెవన్‌షైర్ డ్యూక్, రాకింగ్‌హామ్ మార్క్విస్ లాంటి అయిదుగురు ప్రభువులు కలిసి ప్రధాని లార్డ్ నార్త్‌కు లేఖ రాశారు. మన పాఠ్యపుస్తకాల్లో వారెన్ హేస్టింగ్స్‌ను నిలదీసిన వక్తగా కనిపించే ఎడ్మండ్ బర్క్, తాను ఐర్లాండ్‌లో పుట్టినవాడై ఉండి కూడా, ఈ పన్నుకు ఎదురు నిలిచాడు. అదే ఏడాది నవంబరులో ఐరిష్ పార్లమెంటే దాన్ని ఓడించింది.

ఇక్కడ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఆ పార్లమెంటులో పన్ను వేయాలన్నవాళ్లూ, వద్దన్నవాళ్లూ అందరూ ప్రొటెస్టెంట్ ఆస్తిపరులే. జనాభాలో అత్యధికులైన కేథలిక్కులకు అప్పుడు ఓటు లేదు, చట్టసభలో చోటు లేదు, భూమి కొనే హక్కు కూడా లేదు. శిస్తు కట్టే రైతును ఎవరూ పిలవలేదు. ఊళ్లో ఉన్న దొరకూ, ఊళ్లో లేని దొరకూ మధ్య తగాదా అది.

ఇప్పుడు చేసి చూసిన దేశానికి వద్దాం. న్యూజిలాండ్. బ్రిటిష్ రాణి ప్రతినిధులకూ, అక్కడి మావోరీ పెద్దలకూ మధ్య 1840లో వైతాంగి ఒప్పందం జరిగింది. ఆ తర్వాత యాభై ఏళ్లలోనే వేల ఎకరాల గొర్రెల ఎస్టేట్లు లేచాయి. కొన్నింటికి యజమానులు బ్రిటన్‌లో ఉండేవాళ్లు, కొన్నింటికి అక్కడి కంపెనీలే యజమానులు. స్కాట్లాండ్ నుంచి నడిచే న్యూజిలాండ్ అండ్ ఆస్ట్రేలియన్ ల్యాండ్ కంపెనీ అలాంటిదే. 1882లో 'డునెడిన్' అనే ఓడలో మొదటిసారి గడ్డకట్టించిన మాంసాన్ని న్యూజిలాండ్ నుంచి లండన్‌కు పంపింది ఈ కంపెనీయే. భూమి దక్షిణార్ధగోళంలో, లాభం ఉత్తరార్ధగోళంలో. మరోపక్క ఓడల్లో వచ్చిన పేద తెల్లవాళ్లకు సాగు చేసుకోవడానికి సెంటు నేల దొరకని పరిస్థితి.

1891 జనవరిలో జాన్ బాలన్స్ నాయకత్వంలో లిబరల్ ప్రభుత్వం వచ్చింది. అంతకుముందు 1879 నుంచి ఒక ఆస్తి పన్ను ఉండేది. చిన్న రైతు కట్టుకున్న కొట్టానికీ, పెద్ద ఆసామి మేతభూమికీ ఒకటే రేటు. లిబరళ్లు దాన్ని తీసేసి భూమి పన్ను, ఆదాయం పన్ను పెట్టారు. భూమి పన్నులో రెండు మెట్లు. మొదటిది మామూలు పన్ను. రెండోది, భూమి విలువ 5 వేల పౌండ్లు దాటితే, విలువ పెరిగేకొద్దీ రేటు కూడా పెరుగుతూ పోయే పన్ను. ఏళ్ల తరబడి దేశంలో లేని యజమాని ఈ రెండో పన్ను మీద ఇంకో 20 శాతం కట్టాలి. గైర్హాజరుకు జరిమానా అన్నమాట.

పెట్టుబడి పారిపోతుందని గగ్గోలు పెట్టారు. ఈ మాట ఇవాళ కూడా వింటున్నాం కదా. డబ్బు పారిపోగలదు. కానీ నేల ఎక్కడికి పోతుంది? యజమాని లండన్‌లో ఉన్నా, మడి మడి దగ్గరే ఉంటుంది. ఆస్తి పన్నుల్లో భూమి పన్నుకున్న బలమే అది. భూమిని దాచలేం, మూటగట్టి ఇంకో దేశానికి మోసుకుపోలేం.

ఈ చట్టంలో ఇంకో కిటుకుంది. భూమి విలువ ఎక్కువ కట్టారని యజమాని గొడవ చేస్తే, ప్రభుత్వం ఆయన చెప్పిన విలువకు దిగిరావాలి, లేదా ఆయన చెప్పిన ధరకే ఆ భూమిని కొనేయాలి. పన్ను తగ్గించుకోవడానికి ధర తగ్గించి చెబితే భూమి చేజారుతుంది. కాంటర్‌బరీ ప్రాంతంలోని చేవియట్ ఎస్టేట్ దగ్గర ఇదే జరిగింది. 84 వేల ఎకరాలకు పైగా నేల. 'రెడీ మనీ' రాబిన్సన్ అని పేరుపడ్డ ఆసామిది. ఆయన 1889లో చనిపోయాక, ట్రస్టీలు విలువ మీద పేచీ పెట్టారు. 1893లో ప్రభుత్వం వాళ్లు చెప్పిన 2 లక్షల 60 వేల పౌండ్లకే ఎస్టేట్ కొనేసి, ముక్కలు చేసి సాగుదార్లకు ఇచ్చింది. గొర్రెలు తప్ప మనుషులు పెద్దగా లేనిచోట ఊరు పుట్టింది. ఆ ఊరికి మొదట భూముల మంత్రి జాన్ మెకెంజీ పేరే పెట్టారు.

మెకెంజీ సంగతి చెప్పాలి. ఆయన స్కాట్లాండ్ హైలాండ్స్‌లో పుట్టాడు. గొర్రెల మేత కోసం భూస్వాములు కౌలు రైతులను ఇళ్లలోంచి తరిమేయడం చిన్నప్పుడు చూసినవాడు. ఆ గాయమే ఆయన్ను ఎస్టేట్ల మీదికి నడిపించింది. 1894 నుంచి అమ్మనన్న ఎస్టేట్లను బలవంతంగానైనా కొనే అధికారం వచ్చింది. 1912లో లిబరళ్లు దిగిపోయేనాటికి సుమారు 13 లక్షల ఎకరాల ఎస్టేట్ భూమి కొని పంచారు. పన్నొక్కటే పెద్ద ఎస్టేట్లను పగలగొట్టిందనలేం. వాటాల పంపకాలు, మాంసం ఎగుమతితో పెరిగిన భూమి ధరలు కూడా కారణాలే. అయినా, ఊళ్లో లేని ఆసామి మీద ప్రభుత్వం చెయ్యి వేయగలదని చూపించిన పన్ను అది.

ఇక్కడిదాకా చదివితే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. నాకూ అనిపించింది. మన వామపక్ష మిత్రులైతే కథ ఇక్కడే ఆపేస్తారు. మనం ఆపకూడదు. మనం అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది: చేవియట్ రాబిన్సన్‌దా? రాబిన్సన్‌కు ముందు ఎవరిది?

అది న్గాయ్ తాహు అనే మావోరీ తెగ నేల. 1844 నుంచి 1864 దాకా ఇరవై ఏళ్లలో, దక్షిణ దీవిలో ఈ తెగ చేతుల్లోంచి సుమారు 3 కోట్ల 45 లక్షల ఎకరాలు ప్రభుత్వం చేతుల్లోకి పోయాయి. మొత్తం ముట్టింది 14,750 పౌండ్లు. లెక్క మీరే వేసుకోండి, పౌండుకు 240 పెన్నీలు. పెన్నీకి దాదాపు పది ఎకరాలు! తెగకు విడిచిపెడతామన్న నేలలు, బతుకుతెరువు తావులు మాట ఇచ్చినట్టు విడవలేదు. 1893లో రాబిన్సన్ ట్రస్టీలకు ముట్టింది ఎకరానికి మూడు పౌండ్లకు పైనే. మధ్యలో కాలం గడిచింది, ధరలు పెరిగాయి, కంచెలు పడ్డాయి, నిజమే. అయినా ఈ తేడాను కంచెల ఖర్చుతో పూడ్చలేరు.

అంటే చూడండి. పెద్ద ఆసామిని ప్రభుత్వం 'శిక్షించింది' అంటే, అతను అడిగిన ధర చేతిలో పెట్టింది. అసలు యజమానికి మాత్రం ఆ లెక్కలో చోటే లేదు. అదే లిబరల్ ప్రభుత్వం ఉత్తర దీవిలో 1911 నాటికి సుమారు 31 లక్షల ఎకరాల మావోరీ భూమిని కొనేసింది. తెల్ల ఎస్టేట్ల నుంచి కొన్నదానికి ఇది రెట్టింపు కన్నా ఎక్కువ. ఎలా కొంది? 1894 చట్టంతో, మావోరీలు తమ భూమిని ప్రభుత్వానికి తప్ప మరొకరికి అమ్మకూడదన్నారు. కొనేవాడు ఒక్కడే అయితే ధర ఎవరు నిర్ణయిస్తారో సంతకు పోయినవాళ్లందరికీ తెలుసు. మావోరీల నేలను 'ఖాళీగా పడి ఉన్న భూమి' అన్నారు. తెల్ల సాగుదార్లకు తక్కువ వడ్డీ అప్పులిచ్చే చట్టం కూడా ఆ ఏడాదిదే. ఉమ్మడి పట్టాల చిక్కుల్లో ఉన్న మావోరీలకు ఆ అప్పు అందని ద్రాక్ష. తరిమివేతను కళ్లారా చూసిన పిల్లవాడు పెద్దవాడై మంత్రయ్యాడు. ఇంకొకరి నేల దగ్గరికి వచ్చేసరికి తన కథ మరిచిపోయాడు.

ఇంకో లెక్క. 1896లో ఇదే ప్రభుత్వం దేశంలోకి వచ్చే ఒక్కో చైనా మనిషి మీద తలపన్నును 10 పౌండ్ల నుంచి 100 పౌండ్లకు పెంచింది. లండన్‌లో కూర్చున్న ఆసామికి గైర్హాజరు జరిమానా, పన్ను మీద 20 శాతం. బంగారు గనుల్లో మన్ను తవ్వడానికి వచ్చిన కూలీకి హాజరు జరిమానా, తలకు 100 పౌండ్లు. ఇద్దరూ బయటివాళ్లే. ఒకడు రానందుకు కట్టాడు, ఇంకొకడు వచ్చినందుకు కట్టాడు. ఈ తలపన్నుకు న్యూజిలాండ్ ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2002లో.

న్గాయ్ తాహు ఊరుకోలేదు. మతియాహ తిరమోరెహు అనే పెద్దమనిషి 1849లోనే ఫిర్యాదు రాశాడు. ఆ ఫిర్యాదును తరాలు మోశాయి. 1991లో వైతాంగి ట్రిబ్యునల్ అన్యాయం జరిగిందని తేల్చింది. 1998లో క్షమాపణతో పాటు 17 కోట్ల న్యూజిలాండ్ డాలర్ల పరిష్కారం వచ్చింది. ఫిర్యాదుకూ పరిష్కారానికీ మధ్య 149 ఏళ్లు. మన అసైన్డ్ భూముల ఫైళ్లు పట్టుకుని తిరిగేవాళ్లు ఈ అంకె గుర్తుపెట్టుకోండి, నిరాశ కోసం కాదు, ఓపిక కోసం.

ఇప్పుడు మన దగ్గరికి. మన దేశంలోనూ సంపద పన్ను ఉండేది. కేంబ్రిడ్జ్ ఆర్థికవేత్త నికొలస్ కాల్డోర్ సలహాతో 1957లో వచ్చింది. సాగుభూమిని మొదట్లోనే పక్కన పెట్టారు. 1969లో కలిపారు. పెద్ద రైతులు కోర్టుకెక్కారు. 1971లో సుప్రీంకోర్టు నలుగురు ముగ్గురుగా చీలి, పార్లమెంటుకు ఆ అధికారం ఉందని చెప్పింది. అయినా తర్వాత సాగుభూమి మెల్లగా మళ్లీ బయటికి జారుకుంది. విదేశాల నుంచి తిరిగొచ్చి స్థిరపడే భారతీయులు తెచ్చుకున్న ఆస్తులకు ఏడేళ్ల మినహాయింపు ఇచ్చారు. చివరికి 2015 బడ్జెట్‌లో పన్నునే ఎత్తేశారు. 2013–14లో దాని మీద వచ్చింది 1,008 కోట్లే, వసూలు ఖర్చు ఎక్కువ అన్నారు. చెరువుకు గండ్లు కొట్టి, నీళ్లు నిలవడం లేదు కాబట్టి చెరువే దండగ అన్నట్టు! మా అమ్మ కొనే సబ్బు బిళ్ల మీద పన్ను వసూలు చేయడం మాత్రం ఎవరికీ ఖర్చనిపించలేదు.

కాబట్టి తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు. పన్ను వేయాలి. దూరంగా కూర్చుని నేల ధర పెరగడం కోసం చూసేవాడి మీద ఎక్కువే వేయాలి. నేల పారిపోదు కాబట్టి అది సాధ్యమే. కానీ ఆ పన్ను 'నువ్వు ఎక్కడుంటున్నావు?' అని మాత్రమే అడుగుతుంది. 'ఈ నేల నీకెలా వచ్చింది?' అని అడగదు. మొదటి ప్రశ్నతోనే ఆగితే, అమెరికాలో ఉన్న ఆసామి పొలం ఊళ్లో ఉన్న ఆసామి తమ్ముడి పేరు మీదికి మారుతుంది. మాలపల్లెకూ మాదిగపల్లెకూ సెంటు కూడా రాదు. ఐర్లాండ్ రైతుకూ మావోరీకీ జరిగింది ఇదే.

బాబాసాహెబ్ 1947లో 'రాష్ట్రాలు–మైనారిటీలు' రాసినప్పుడు పన్ను దగ్గర ఆగలేదు. సాగుభూమి మొత్తం ప్రభుత్వానిది కావాలన్నారు. కులం చూడకుండా ఊరివాళ్లందరికీ సమష్టి సాగుకు ఇవ్వాలన్నారు. భూస్వామి, కౌలుదారు, భూమిలేని కూలీ అనే మూడు మాటలే లేని ఊరిని ఊహించారు. ఆయన అడిగింది రెండో ప్రశ్న.

చిన్నాయనకు ఇదంతా ఫోన్లో చెప్పాను. మొత్తం విని, "మరి ఆ తెగోళ్లకు మడి తిరిగొచ్చిందా?" అన్నాడు. కొంచెం వచ్చింది చిన్నాయనా, అన్నాను. "కొంచెమైనా, కాగితం దాచుకున్నోడికే వచ్చుంటది" అన్నాడు.

మీ ఇళ్లలో పాత డి-పట్టాలు ట్రంకు పెట్టెల అడుగున ఉంటాయి. తీసి ఫొటోలు తీసి పెట్టుకోండి. వచ్చే భాగం 1977 అసైన్డ్ భూముల చట్టం మీద.

జై భీమ్.