చురుకైన పెంపుడు కుక్కకు శిక్షణ: అండమాన్ దీవి పల్లెల్లో ఏది ముఖ్యం?

తుష్నాబాద్ (దక్షిణ అండమాన్): ఇంట్లో క్షణం నిలవని కుక్కపిల్లను చూసి కొందరు ముచ్చటపడతారు, కొందరు విసుక్కుంటారు. అపార్ట్‌మెంట్‌లో అయితే ఆ చురుకుదనం వల్ల చెప్పులు, దిండ్లు పాడవుతాయి. అడవి, పొలాలు, మడ క్రీకులు, సముద్ర తీరం దగ్గర దగ్గరగా ఉండే దీవి గ్రామంలో నష్టం అక్కడితో ఆగదు. పిలిచినా వెనక్కి రాని కుక్క తన ప్రాణం మీదికి తెచ్చుకోవచ్చు, పొరుగువారి కోళ్లను చంపవచ్చు, అంతరించిపోయే ముప్పున్న తాబేళ్ల గుడ్లను తవ్వి తినవచ్చు.

ఫెర్రార్‌గంజ్ తహసీల్‌లోని తుష్నాబాద్ వంటి పల్లెల్లో కుక్కను సాకే కుటుంబాలకు రెండు విషయాలు కీలకం. ఒకటి, పిల్లగా ఉన్నప్పుడే దాన్ని లోకానికి అలవాటు చేయడం. రెండోది, పిలుపు వినగానే తిరిగి వచ్చేలా, దేన్నీ వెంటాడకుండా ఉండేలా నేర్పడం.

దీవుల్లో కుక్క కొత్త జీవి

అండమాన్ దీవుల్లో పులి, చిరుత, తోడేలు, నక్క వంటి జంతువులు సహజంగా లేవు. 1858లో పోర్ట్ బ్లెయిర్‌లో బ్రిటిష్ పాలకులు శిక్షా స్థావరం నెలకొల్పిన తర్వాతే కుక్కలు ఇక్కడి ఆదివాసుల మధ్యకు చేరాయి. గ్రేట్ అండమానీయులు, ఓంగేలు కొద్దికాలంలోనే వాటిని అడవి పందుల వేటకు తోడుగా చేసుకున్నారు. వెంటాడే గుణం కుక్కకు ఎంత సహజమో, మనిషి దానికి ఎంత త్వరగా దిశ చూపగలడో ఈ చరిత్ర చెబుతుంది.

నేలపై తిరిగే వేటజంతువులకు అలవాటుపడని దీవి జీవులకు అదే గుణం ముప్పు. ఈ దీవుల తీరాల్లో లెదర్‌బ్యాక్, ఆకుపచ్చ తాబేలు, హాక్స్‌బిల్, ఆలివ్ రిడ్లీ అనే నాలుగు రకాల సముద్ర తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఇసుకలో పూడ్చిన గుడ్లను వాసనతో పసిగట్టి తవ్వి తినే జంతువుల్లో కుక్కలు ముఖ్యమైనవి. సముద్ర తాబేళ్లకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్ కింద రక్షణ ఉంది.

ప్రమాదం కుక్కకూ ఉంది. మడ అడవుల క్రీకుల్లో ఉప్పునీటి మొసళ్లు తిరుగుతాయి. నీటి అంచున పరుగులు తీసే కుక్క వాటికి సులువైన ఎర. పశ్చిమాన జారవా రిజర్వు మరో సరిహద్దు. 1956 నాటి ఆదివాసుల రక్షణ నిబంధనల ప్రకారం అనుమతి లేనివారు అందులో అడుగుపెట్టడం నేరం. జింకను తరుముతూ కుక్క అటు వెళితే దాన్ని వెతుక్కుంటూ వెళ్లడానికి యజమానికి హక్కు ఉండదు.

తొలి 14 వారాల విలువ

కుక్కపిల్ల మెదడు కొత్తవాటిని భయం లేకుండా స్వీకరించే కాలం చాలా చిన్నది. సుమారు మూడో వారంలో మొదలై 12 నుంచి 14 వారాల మధ్య ముగుస్తుంది. అమెరికాలోని బార్ హార్బర్‌లో ఉన్న జాక్సన్ ప్రయోగశాలలో జరిగిన పరిశోధనలు దీన్ని స్పష్టం చేశాయి. 1961లో ‘సైన్స్’ పత్రికలో వెలువడిన ఒక ప్రయోగంలో, ఎత్తయిన పలకల కంచె వేసిన ఆవరణలో పిల్లలను మనుషులకు దూరంగా పెంచారు. మధ్యమధ్య కొద్ది రోజులు మనిషి సాంగత్యం దొరికిన పిల్లలు మచ్చికయ్యాయి. 14 వారాల వరకు మనిషి దగ్గరికి రానివి ఆ తర్వాత ఎంత ప్రయత్నించినా బెదురు వదల్లేదు. జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ 1965లో తమ గ్రంథంలో ఈ పరిశోధనలను సమగ్రంగా వివరించారు.

అలాగని పిల్లను తల్లి నుంచి మరీ ముందుగా వేరు చేయడం మేలు కాదు. కరిచే బలాన్ని అదుపులో ఉంచుకోవడం అది తోటి పిల్లలతో ఆడుతూనే నేర్చుకుంటుంది. ఎనిమిది వారాలు నిండని పిల్లలను విక్రయించరాదని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి.

అలవాటు చేయడం అంటే ఏమిటి?

సామాజికీకరణ అంటే కనబడిన ప్రతి మనిషి చేతా నిమిరించడం, ప్రతి కుక్కతోనూ ఆడించడం అని చాలామంది అనుకుంటారు. అలా పెరిగిన చురుకైన కుక్క పెద్దయ్యాక ప్రతి ఒక్కరి మీదికీ ఉరుకుతుంది. మనుషులు, జంతువులు, శబ్దాలు ఎదురైనా నిబ్బరంగా ఉండగలగడమే అసలు లక్ష్యం.

గ్రామంలో పిల్లకు పరిచయం చేయదగినవి ఎన్నో ఉన్నాయి: గొడుగు పట్టుకున్న మనిషి, రెయిన్‌కోటు వేసుకున్న మనిషి, యూనిఫాంలో బడిపిల్లలు, ట్రాక్టర్, బస్సు హారన్, రేకుల కప్పుపై వాన మోత, ఆవులు, మేకలు, కోళ్లు. రోజుకు రెండు మూడు కొత్త విషయాలు చాలు. ప్రతిదాన్నీ పిల్ల భయపడనంత దూరం నుంచి చూపి, అది ప్రశాంతంగా చూసిన వెంటనే చిన్న తాయిలం ఇవ్వాలి. రోజులు గడిచేకొద్దీ దూరం తగ్గించాలి.

తోక కాళ్ల మధ్యకు ముడుచుకోవడం, పదేపదే మూతి నాకుకోవడం, నిద్ర లేకున్నా ఆవులించడం, కనుగుడ్ల తెల్లభాగం కనబడటం భయానికి గుర్తులు. అవి కనిపిస్తే వెనక్కి జరగాలి. ‘అలవాటవుతుందిలే’ అని బలవంతంగా ముందుకు తోస్తే భయం ముదిరి, క్రమంగా కరిచే స్వభావానికి దారితీస్తుంది.

టీకాలు ముందా, బయటి ప్రపంచం ముందా?

టీకాల వరుస పూర్తయ్యేసరికి పిల్లకు సుమారు 16 వారాలు నిండుతాయి. అప్పటికి అలవాటుపడే కాలం దాటిపోతుంది. అందువల్ల మొదటి టీకా వేసిన వారం తర్వాత జాగ్రత్తలతో బయటి పరిచయం మొదలుపెట్టవచ్చని అమెరికా పశు ప్రవర్తనా వైద్యుల సంఘం 2008లో సూచించింది. పిల్లను చేతుల్లోనో బుట్టలోనో ఉంచి బస్టాప్ వద్దకు, అంగడి వద్దకు తీసుకెళ్లవచ్చు. ఊరకుక్కలు తిరిగే చోట, మురుగు నిలిచిన చోట నేల మీద దించకూడదు.

రెండు వ్యాధుల గురించి దీవివాసులు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. మొదటిది లెప్టోస్పైరోసిస్. ఒకప్పుడు ‘అండమాన్ రక్తస్రావ జ్వరం’గా పిలిచిన జబ్బు ఇదేనని 1990ల్లో తేలింది. ఎలుకల మూత్రంతో కలుషితమైన నీరు, బురద ద్వారా ఇది మనుషులకూ కుక్కలకూ సోకుతుంది. కుక్కలకు దీనికి టీకా ఉంది. వానాకాలంలో పొలం గట్ల మీద తిరిగే కుక్క విషయంలో పశువైద్యుడిని ముందే సంప్రదించాలి.

రెండోది రేబిస్. అండమాన్ నికోబార్, లక్షద్వీప్ దీవులను దేశంలో రేబిస్ లేని ప్రాంతాలుగా చాలాకాలంగా పరిగణిస్తున్నారు. ప్రధాన భూభాగం నుంచి టీకా లేకుండా వచ్చే ఒక్క కుక్క చాలు ఆ స్థితి మారడానికి. విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాలతో రాకపోకలున్న తెలుగు కుటుంబాలు అక్కడి నుంచి పిల్లను తెచ్చుకునేటప్పుడు టీకా, పశువైద్యుడి ధ్రువపత్రం విషయంలో రాజీపడరాదు. ఎక్కడ కుక్క కరిచినా గాయాన్ని 15 నిమిషాల పాటు సబ్బు, ధారగా పారే నీటితో కడిగి వైద్యుడి వద్దకు వెళ్లాలి.

ఏ మాటతో పిలవాలి?

కుక్కకు భాష రాదు, శబ్దం గుర్తుంటుంది. తెలుగు ఇళ్లలో ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. కుక్కను పిలిచే మాట ‘రా’. చనువుగా మాట్లాడేటప్పుడు ‘కూర్చోరా’, ‘ఉండరా’, ‘వద్దురా’, ‘ఏంట్రా’ అంటూ ప్రతి మాట చివరా అదే ‘రా’ చేరుతుంది. రోజుకు పదులసార్లు ఏ ఫలితమూ లేకుండా చెవిన పడే శబ్దాన్ని కుక్క పట్టించుకోవడం మానేస్తుంది. క్రియారూపాలతోనూ ఇదే ఇబ్బంది. ‘కూర్చో’, ‘కూర్చోమన్నానా’, ‘కూర్చుంటావా లేదా’ అన్నవి మనకు ఒకే ఆజ్ఞ, కుక్కకు మూడు వేర్వేరు శబ్దాలు.

అండమాన్‌లో చిక్కు మరింత పెరుగుతుంది. 2011 జనగణన ప్రకారం దీవుల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, తమిళం మాట్లాడేవారూ పెద్ద సంఖ్యలో ఉన్నారు. హిందీ ఉమ్మడి భాష. ఇంట్లో తల్లి ‘రా’ అంటే, బడి నుంచి వచ్చిన పిల్లలు ‘ఆజా’ అంటారు, మరొకరు ‘కమ్’ అంటారు.

పరిష్కారం సులభం. పిలుపుకు ‘ఇటు’ వంటి పొట్టి మాటను గానీ, ఈలను గానీ ఎంచుకోవాలి. కూర్చోవడానికి, ఆగడానికి, నోట్లోది వదలడానికి ఒక్కొక్క మాట నిర్ణయించి కాగితంపై రాసి గోడకు అంటించాలి. ఇంటిల్లిపాదీ అవే వాడాలి, ఒక్కసారే చెప్పాలి.

పిలుపు నేర్పే క్రమం

మొదటి మెట్టు ఇంట్లోనే. కుక్క రెండడుగుల దూరంలో ఉన్నప్పుడు పిలుపు మాట అని, అది తిరిగి చూడగానే తాయిలం పెట్టాలి. ముల్లు తీసిన, ఉప్పు వేయని ఉడికించిన చేప ముక్క లేదా గుడ్డు ముక్క గోటి పరిమాణంలో చాలు. ఒక్కో విడత మూడు నుంచి ఐదు నిమిషాలు మించకూడదు.

రెండో మెట్టు పెరట్లో, మూడోది ఖాళీ పొలంలో. బయట 20 నుంచి 30 అడుగుల పొడవైన తేలికపాటి తాడు కట్టాలి. మెడకు కాకుండా ఛాతీ పట్టీకి కట్టడం క్షేమం. తాడు కుక్కను లాగడానికి కాదు, పిలుపును పెడచెవిన పెట్టి పరుగెత్తే అవకాశం లేకుండా చేయడానికి. కోళ్లు, మేకలు కనబడే చోట సాధన చివరి మెట్టు.

పిలుపునకు వచ్చిన కుక్కను ఎన్నడూ తిట్టకూడదు, కొట్టకూడదు. అరగంట ఆలస్యంగా వచ్చినా సరే. దెబ్బ తిన్న కుక్క తన అల్లరికి శిక్ష పడిందని అనుకోదు, దగ్గరికి వస్తే దెబ్బ పడుతుందని నేర్చుకుంటుంది. పిలిచిన ప్రతిసారీ కట్టేయడమూ పొరపాటే. పదిసార్లలో ఎనిమిదిసార్లు తాయిలమిచ్చి తిరిగి ఆటకు వదలాలి.

‘ఉస్కో’ అనకూడదు

వెంటాడటం కుక్కకు దానికదే బహుమానం. ఒక్కసారి కోడిని తరిమి ఆ ఉత్సాహం రుచి చూసిన కుక్క మరోసారి తాయిలానికి లొంగదు. పిల్లలు సరదాకు ‘ఉస్కో’ అంటూ కాకి మీదికో పిల్లి మీదికో ఉసిగొల్పడం సరిగ్గా ఈ గుణాన్నే పెంచుతుంది. నెలల తరబడి చేసిన సాధన పది నిమిషాల్లో వృథా అవుతుంది.

దీనికి బదులు చూసి వదిలేయడం నేర్పాలి. తాడుతో పట్టుకుని, కోళ్లకు చాలినంత దూరంలో నిలబడాలి. కుక్క వాటిని చూసి తిరిగి మనిషి వైపు చూసిన క్షణమే తాయిలం ఇవ్వాలి. కుక్క ముందుకు ఉరికితే దూరం చాలలేదని అర్థం. మరికొన్ని అడుగులు వెనక్కి జరిగి మళ్లీ మొదలుపెట్టాలి.

మీదికి ఎగబడే కుక్క విషయంలోనూ సూత్రం ఒక్కటే. ఎగిరినప్పుడు అరిచినా తోసినా అది ఆటగానే భావిస్తుంది. ముఖం తిప్పుకుని నిలబడి, నాలుగు కాళ్లూ నేలకు ఆనిన క్షణంలో పలకరిస్తే ఎగరడం తగ్గుతుంది. అతిథులకూ ఈ నియమం ముందే చెప్పాలి.

వానలో శక్తిని ఎలా ఖర్చు చేయించాలి?

రెండు రుతుపవనాల వర్షాలతో దీవుల్లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. మే నుంచి డిసెంబర్ వరకు చాలా రోజులు కుక్కను బయటికి తీసుకెళ్లడం కుదరదు. ఎంత పరుగెత్తిస్తే అంత మంచిదన్న అభిప్రాయం కూడా పూర్తిగా నిజం కాదు. రోజూ పరుగు మాత్రమే పెట్టిన కుక్కకు దమ్ము పెరుగుతుందే తప్ప నెమ్మది రాదు.

ముక్కుకు పని చెప్పడం మంచి మార్గం. అన్నం గిన్నెలో పెట్టకుండా, కొబ్బరి చిప్పల కింద ముక్కలుగా దాచి వెతికించవచ్చు. పావుగంట వాసన వెతుకులాటతో కుక్క హాయిగా అలసిపోతుంది. పీచు, చిప్ప పెంకులు మింగకుండా చూసుకోవాలి, అవి పేగులకు అడ్డుపడతాయి. చాప వేసి దానిపై ప్రశాంతంగా పడుకున్నందుకు తాయిలమివ్వడం వానరోజులకు తగిన మరో పాఠం. పిల్లలకు రోజులో 16 గంటలకు పైగా నిద్ర అవసరం. సాయంత్రం పిచ్చిగా పరుగులు తీసే పిల్లకు చాలాసార్లు కావలసింది మరో ఆట కాదు, నిద్ర.

నేర్చింది మరిచినట్టు కనిపిస్తే

ఏడెనిమిది నెలల వయసులో బాగా మాట వినే కుక్క హఠాత్తుగా మొండికేయవచ్చు. బ్రిటన్‌లో గైడ్ డాగ్‌లపై జరిపి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, ఐదు నెలల వయసుతో పోలిస్తే ఎనిమిది నెలలప్పుడు కుక్కలు తమ సంరక్షకుల ఆజ్ఞను తక్కువగా పాటించాయని తేలింది. ఇది కౌమార దశ, తర్వాత సర్దుకుంటుంది. ఈ దశలోనే చాలామంది విసిగి కుక్కను ఊరి మీద వదిలేస్తారు. మళ్లీ పొడవైన తాడు కట్టి, పాఠాలను మొదటి మెట్టు నుంచి కొద్దివారాలు పునశ్చరణ చేయడమే సరైన మార్గం.

పెద్ద వయసులో ఇంటికి చేరిన కుక్కకూ శిక్షణ సాధ్యమే. కుక్క తోక వంకర అన్న సామెత తోకకే వర్తిస్తుంది. కాకపోతే పిల్లకు రోజుల్లో పోయే భయం పెద్ద కుక్కకు నెలలు పట్టవచ్చు.

గొలుసు, చట్టం

అల్లరి భరించలేక రోజంతా కట్టేసి ఉంచితే కుక్క మరింత అసహనంగా, కొన్నిసార్లు దూకుడుగా మారుతుంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం అతి పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టివేయడం, ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం ఇవ్వకపోవడం నేరం. తొలి నేరానికి జరిమానా నేటికీ 10 నుంచి 50 రూపాయలే.

కుక్క వల్ల ఇతరులకు ప్రమాదం జరగకుండా జాగ్రత్త వహించని యజమానికి శిక్ష ఇంతకంటే ఎక్కువ. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

రాత్రివేళ కుక్కను ఇంటి ఆవరణలోనే ఉంచడం, తీరం వద్ద, క్రీకుల వద్ద తాడు విప్పకపోవడం, సంతానం అక్కర్లేదనుకుంటే శస్త్రచికిత్స చేయించడం యజమాని బాధ్యతలో భాగం. పిలుపు ఎంత బాగా నేర్చిన కుక్కకైనా మొసళ్లు తిరిగే నీటి అంచున తాడే ఆఖరి భద్రత.