లేబుల్ ఎన్నాళ్ళు బతకాలి?

మా పిన్ని భీమవరంలో పచ్చళ్ళ వ్యాపారం చేస్తుంది. ముందు చుట్టాలకి, తర్వాత ఫోన్లో ఆర్డర్లు, ఆ తర్వాత ఒక చిన్న వెబ్‌సైటు. ఆ సైటు నేనే చేసిపెట్టాను. గొప్ప కోసం చెప్పట్లేదు, కింద రాబోయే తప్పు కూడా నాదేనని చెప్పడానికి. "ఒరే, అడ్రసులు చేత్తో రాయలేక చస్తున్నాను, ఏ ప్రింటర్ కొనమంటావు?" అని అడిగితే పది నిమిషాలు వెతికి ఒక డైరెక్ట్ థర్మల్ లేబుల్ ప్రింటర్ కొనిపించాను. ఇంకు అక్కర్లేదు, రిబ్బన్ అక్కర్లేదు, కాగితం చుట్ట పెడితే చాలు. పార్సిళ్ళకి భేషుగ్గా పనిచేసింది.

బాగుంది కదా అని పిన్ని సీసాల లేబుళ్ళు కూడా దాన్లోనే కొట్టడం మొదలుపెట్టింది. పేరు, బరువు, తయారీ తేదీ, గడువు తేదీ, బ్యాచ్ నంబరు, పద్నాలుగు అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు. ఆవకాయ సీసా అన్నాక నూనె చెయ్యి తగలకుండా ఉంటుందా? రెండు నెలలకి ఒక దుకాణం నుంచి నలభై సీసాలు వెనక్కొచ్చాయి. పచ్చడి బంగారంలా ఉంది, లేబుల్ మీద తేదీలే లేవు. తేదీ లేని సీసా అమ్మడం తప్పు కాబట్టి వాళ్ళని అనడానికీ లేదు. పిన్ని నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

అందుకే రెండోసారి ప్రింటర్ కొనేముందు స్పెసిఫికేషన్లు పక్కనపెట్టి, అసలు ఈ యంత్రాలు ఎందుకు పుట్టాయో చదివాను. మనం చెయ్యని పని అదే. ఏ టూల్ అయినా ఫీచర్ల పట్టిక చూసి ఎంచుకుంటాం కానీ, అది ఏ బాధ తీర్చడానికి పుట్టిందో అడగం.

కథ బార్‌కోడ్‌తో మొదలవుతుంది. 1948లో ఫిలడెల్ఫియాలో ఒక కిరాణా సంస్థ అధిపతి, సరుకు వివరాలు కౌంటర్ దగ్గర వాటంతటవే నమోదయ్యే ఉపాయం చూడమని డ్రెక్సెల్ కాలేజీ డీన్‌ని అడుగుతుంటే బెర్నార్డ్ సిల్వర్ అనే విద్యార్థి విన్నాడు. స్నేహితుడు నార్మన్ జోసెఫ్ వుడ్‌ల్యాండ్‌కి చెప్పాడు. వుడ్‌ల్యాండ్ మయామీ బీచ్‌లో కూర్చుని, తనకి వచ్చిన మోర్స్ కోడ్ చుక్కల్నీ గీతల్నీ ఇసకలో వేళ్ళతో కిందికి లాగాడు. అంతే, సన్న గీతలు, లావు గీతలు. 1949లో దరఖాస్తు చేస్తే 1952లో పేటెంట్ వచ్చింది. అయితే చదవడానికి లేజరూ, చవక కంప్యూటరూ ఇంకా లేవు. పేటెంట్‌లో గుండ్రటి వలయాల రూపం కూడా ఉంది.

ఆ వలయాల్ని పక్కకి నెట్టింది ఐబీఎంలో పనిచేసిన జార్జ్ లారర్. అచ్చుయంత్రంలో కాగితం పరిగెత్తే దిశలో సిరా కాస్త అలుక్కుంటుంది. వలయమైతే అలికిన చోట చదవడం చెడుతుంది. నిలువు గీతల్ని కాగితం నడిచే దిశలోనే వేస్తే గీత కాస్త పొడుగవుతుంది గానీ లావవ్వదు. యూపీసీ రూపం 1973లో ఖరారైంది, 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రం ట్రాయ్‌లోని మార్ష్ సూపర్‌మార్కెట్లో ఒక జూసీ ఫ్రూట్ చూయింగ్ గమ్ ప్యాకెట్ మొదటగా స్కానయింది. ఆలోచన పాతికేళ్ళది, గెలిపించింది మాత్రం అచ్చు ఎలా చెడుతుందో తెలిసినవాడు. నాకైతే ఈ కథలో అసలు పాఠం ఇదే.

గమ్ కంపెనీకి ఇబ్బంది లేదు, లక్ష ప్యాకెట్ల మీద ఒకటే కోడ్, ప్రెస్సులో కొట్టేస్తుంది. గోడౌన్లో ప్రతి పెట్టెకీ వేరే నంబరు కావాలి కదా? అక్కడ ప్రెస్సు పనికిరాదు, ఒక్కొక్కటిగా కొట్టే యంత్రం కావాలి. దానికి రెండు దారులు ఏర్పడ్డాయి.

మొదటి దారి వేడి కాగితానిది. ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ కనిపెట్టి 2000లో నోబెల్ అందుకున్న జాక్ కిల్బీ మనవాళ్ళందరికీ తెలుసు. థర్మల్ ప్రింటర్ వెనక కూడా ఆయనే ఉన్నాడని నాకు మొన్నటిదాకా తెలీదు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ఆయన బృందం 1967లో తయారుచేసిన చేతి కాలిక్యులేటర్ నమూనాకి తెర లేదు, లెక్కని సన్నటి థర్మల్ కాగితం మీద కొట్టేది. 1970ల మొదట్లో అదే కంపెనీ సైలెంట్ 700 టెర్మినల్ తెచ్చింది. సుత్తులు కొట్టే టెలిటైపుల మధ్య అది చప్పుడు లేనిది, పేరే చెబుతోంది. కాగితం పూతలో రంగులేని ల్యూకో డై ఒకటి, దాన్ని రంగుగా మార్చే ఆమ్లగుణం ఉన్న పదార్థం ఇంకొకటి ఉంటాయి. వేడి తగిలితే కరిగి కలుస్తాయి, నలుపు తేలుతుంది. కానీ ఆ కలయిక గట్టిది కాదు. నూనె, ప్లాస్టిక్ సంచుల్లోని ప్లాస్టిసైజర్ దాన్ని విడదీస్తాయి. ఎండా వెలిసిపోయేలా చేస్తుంది. పాత ఫ్యాక్స్ కాగితాలు, పర్సులో మరిచిపోయిన బస్ టికెట్లు తెల్లబోయేది అందుకే. ఆ కాగితం పుట్టింది ఇప్పుడు చదివి అవతల పారెయ్యడానికి!

రెండో దారి రిబ్బన్‌ది, అంటే థర్మల్ ట్రాన్స్‌ఫర్. 1980ల మొదట్లో జపాన్ కంపెనీ సాటో లాంటివాళ్ళు ఈ పద్ధతిని లేబుళ్ళలోకి తెచ్చారు. ఇక్కడ హెడ్ వేడి కాగితాన్ని కాల్చదు, రిబ్బన్ మీది మైనాన్నో రెజిన్‌నో కరిగించి లేబుల్‌కి అంటిస్తుంది. అమెరికాలో 1969లో డేటా స్పెషాల్టీస్ పేరుతో మొదలైన కంపెనీ 1982లో బార్‌కోడ్ లేబుల్ ప్రింటర్ చేసి, 1986లో జీబ్రా అని పేరు మార్చుకుంది. గీతలున్న జంతువు పేరు, అంతకన్నా సరైన పేరేముంటుంది :-) ఈ దారి పుట్టింది ఫ్యాక్టరీల కోసం, నెలలూ ఏళ్ళూ నిలవాల్సిన లేబుళ్ళ కోసం.

ఇది చదివాక నా తప్పేమిటో అర్థమైంది. పార్సిల్ లేబుల్ వారం బతికితే చాలు. సీసా లేబుల్ పచ్చడి కన్నా ఒక్కరోజు ఎక్కువ బతకాలి. నేను రెండిటికీ ఒకే కాగితం ఇచ్చాను.

కాబట్టి మీరెవరైనా ఇంట్లోవాళ్ళ కొట్టుకి ప్రింటర్ చూస్తుంటే, ముందు అడగాల్సింది ధర కాదు, లేబుల్ ఎన్నాళ్ళు బతకాలని. బట్టలో పుస్తకాలో పంపే కొట్టుకి నాలుగంగుళాల డైరెక్ట్ థర్మల్ చాలు. తిండి వస్తువులైతే థర్మల్ ట్రాన్స్‌ఫర్ కొనండి. వీటిలో చాలావాటికి రిబ్బన్ తీసేసి థర్మల్ కాగితం పెడితే పార్సిల్ లేబుళ్ళు కూడా వస్తాయి, ఒకే యంత్రం రెండు పనులు. మైనపు రిబ్బన్ చవక, కానీ నూనె ముందు నిలబడదు. పచ్చళ్ళకి పాలీప్రొపిలీన్ లేబుల్, రెజిన్ రిబ్బన్.

తెలుగువాళ్ళకి ఇంకో మాట. ఈ ప్రింటర్ల సొంత భాషలు, జెడ్‌పీఎల్ లాంటివి, అంకెలకీ ఇంగ్లీషు అక్షరాలకీ హాయిగా పనిచేస్తాయి. మన వత్తులూ గుణింతాలూ వాటి లోపలి ఫాంట్లతో కుదరవు, తెలుగు పేరుని బొమ్మగా మార్చి పంపాల్సిందే. 203 డీపీఐలో చిన్న అక్షరాల వత్తులు ముద్దయిపోతాయి. 300 తీసుకుంటే "ఉసిరికాయ తొక్కు"లో క వత్తు విడిగా కనిపిస్తుంది.

చివరికి 300 డీపీఐ ట్రాన్స్‌ఫర్ ప్రింటర్ ఒకటి తీసుకున్నాం. ఈసారి పిన్ని నన్ను నమ్మలేదు, నమ్మకపోవడమే న్యాయం. పది లేబుళ్ళు కొట్టించి, ఆవకాయ నూనె రాసి, మేడ మీద ఎండలో వారం రోజులు పెట్టింది. తేదీలు అలాగే ఉన్నాయి. అప్పుడు ఫోన్ చేసి, "ఈ పని మొదటిసారే చేసుంటే నలభై సీసాలు మిగిలేవి కదరా" అంది.

మేం దాన్ని టెస్టింగ్ అంటాం పిన్నీ, రోజూ చేసేదే అని చెప్పడానికి నోరు రాలేదు.